విలస ఏరెక్కితే పులస

ఆషాఢమాసంలో ఎగువ ప్రాంతాల వానలు కురిసినప్పుడు గోదావరి రంగు మారుతుంది. వేసవి అంతా తేటగా, సన్నగా పారిన నది కొద్దిరోజులలోనే ఎర్రబారి, సుడులు తిరుగుతూ సముద్రం వైపు పరుగెత్తుతుంది. దీనినే గోదావరి తీరవాసులు "ఎర్రనీరు" అంటారు. గట్టున నిలబడి చూచేవారికి ఆ ప్రవాహంలో సమస్తమూ కిందికి కొట్టుకొనిపోతున్నట్లే కనిపిస్తుంది. కాని అదే సమయంలో ఆ నీటి అడుగున ఒక చేప సముద్రం నుండి పైకి ఎదురీదుతూ వస్తూ ఉంటుంది. అదే పులస. "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అనే సామెత దాని పులుసును గురించి పుట్టినదే.

ఈ చేపను గురించి కోనసీమలో మరొక మాట కూడ ఉన్నది: సముద్రంలో ఉన్నంతకాలం అది విలస, ఏరెక్కితే పులస. కొందరు విలసను ఇలస అనికూడ అంటారు. ఒకే చేపకు ఉప్పునీటిలో ఒక పేరు, మంచినీటిలో మరొక పేరు ఉండడం చిత్రమే. ఇది ఉత్త మాట చమత్కారమా, లేక తరతరాల పరిశీలన ఏదైనా ఇందులో ఇమిడి ఉన్నదా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకబోతే చేపల శాస్త్రం, భాషల చరిత్ర, వంటయిల్లు, నదులపై కట్టిన ఆనకట్టలు అన్నీ ఒకచోటికి వచ్చి చేరుతాయి.

చేప, దాని చుట్టాలు

ధవళేశ్వరం దాటిన తరువాత గోదావరి గౌతమి, వసిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుండి వైనతేయ మళ్ళీ విడివడుతుంది. ఈ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న కొబ్బరితోటల సీమయే కోనసీమ. కొత్తపేట పై భాగాన ఉన్నది. అమలాపురం గౌతమికీ వైనతేయకూ మధ్యను, రాజోలు వైనతేయకూ వసిష్ఠకూ మధ్యను ఉన్నవి. వసిష్ఠ అంతర్వేది వద్ద, వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తాయి. సముద్రం నుండి వచ్చే చేపకు ఈ నదీముఖాలే సింహద్వారాలు. అందుచేత పులసను ముందుగా చూచేవారు కోనసీమ జాలరులు, గౌతమి ఒడ్డున ఉన్న యానాం జాలరులు.

పులస కవళ్ళ జాతికి దగ్గరి చుట్టం. వెండివలె మెరిసే పెద్ద పొలుసులు, రెండు పక్కల నొక్కినట్లున్న శరీరం, లోతుగా చీలిన తోక, ఒంటినిండా సన్నని ముళ్ళు దీని లక్షణాలు. సాధారణంగా వలలో పడేది ఒకటి రెండు కిలోల బరువుంటుంది. నీటిలో తేలియాడే సూక్ష్మజీవులను మొప్పల దగ్గర ఉండే దువ్వెనవంటి పళ్ళతో వడగట్టి తింటుంది.

ఈ చేప ఆస్ట్రేలియా నుండి వేల మైళ్ళు ఈదుకొని గోదావరికి వస్తుందని ఒక కథ ప్రచారంలో ఉన్నది. అది నిజం కాదు. ఈ జాతి నివాసం పారసీక సింధుశాఖ నుండి భారత తీరాల మీదుగా బర్మా తీరం వరకు వ్యాపించి ఉన్నది. ఆస్ట్రేలియా అందులో లేదు. గోదావరిలోకి వచ్చే పులస బంగాళాఖాతంలో పెరిగిన చేపయే. బెంగాలీలు ఇలిష్ అని పిలిచేదీ, తమిళులు ఉల్లం అనేదీ, సింధీలు పల్లా అనేదీ, ఇరాక్‌లో సబూర్ అనేదీ ఈ చేపనే. ఇంగ్లీషు పుస్తకాలలో ఇది హిల్సా.

విశాఖపట్నంలో నమోదైన తెలుగు పేరు

ఈ చేప తెలుగు పేరు మొదట శాస్త్రగ్రంథానికి ఎక్కినది గోదావరి తీరాన కాదు, విశాఖపట్నంలో. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో కొంతకాలం అక్కడ నివసించాడు. మన ప్రాంతపు పాములను గురించి మొట్టమొదట సమగ్రంగా రాసినవాడు ఆయనే. రక్తపింజరకు ఇంగ్లీషులో ఉన్న పేరు ఆయన పేరుమీద వచ్చినదే. విశాఖ తీరంలో దొరికిన 200 చేపలను బొమ్మలు వేయించి, వర్ణించి, 1803లో లండనులో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. చేపలకు స్థానికులు వాడే పేర్లనే ఆయన శీర్షికలుగా పెట్టాడు. వాటిలో ఒకటి "పలసా".

1829లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే ఈ బొమ్మనూ వర్ణననూ ఆధారం చేసుకొని ఆ చేపకు "క్లూపియా పలసా" అని లాటిను పద్ధతిలో పేరు పెట్టాడు. తెలుగు జాలరి నోటి మాట ఆ విధంగా పారిస్ నగరానికి చేరింది. 19వ శతాబ్దిలో కొందరు గ్రంథకర్తలు ఆ పేరునే వాడారు కూడ.

అయినా నేటి శాస్త్రగ్రంథాలలో ఆ పేరు లేదు. దానికి కారణం శాస్త్రలోకంలోని ఒక నియమం. ఒక జీవికి లిన్నేయస్ పద్ధతి ప్రకారం రెండు మాటల పేరును ముందుగా ఎవరు ప్రచురిస్తే ఆ పేరే నిలుస్తుంది. రస్సెల్ పుస్తకం 1803లోనే వచ్చినా, ఆయన రెండు మాటల పేరు పెట్టలేదు. స్థానికనామం మాత్రమే ఇచ్చాడు. కువియే పేరు పెట్టే లోపల, 1822లో, ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే మరొక స్కాట్లండు వైద్యుడు గంగానది చేపలను గురించి గ్రంథం వెలువరించి, అందులో ఇదే చేపకు బెంగాలీ పేరును జోడించి "ఇలీషా" అని నామకరణం చేశాడు. ఏడు సంవత్సరాలు ముందున్నందువల్ల ఆ పేరే స్థిరపడింది. దాని ముందుమాట పలుమార్లు మారింది. 20వ శతాబ్ది మధ్యభాగపు గ్రంథాలలో అది "హిల్సా ఇలీషా". నేడు "టెన్యులోసా ఇలీషా". పలసా పేరు మాత్రం పర్యాయనామాల పట్టికలో మిగిలిపోయింది.

రస్సెల్ నమోదు చేసిన ఆ ఒక్క మాట మరొక విషయాన్ని కూడ బోధిస్తున్నది. విశాఖపట్నం సముద్రపు రేవు. అక్కడ దొరికిన చేపకు కూడ "పలసా" అనే పేరున్నదంటే, రెండువందల ఏళ్ళకు పూర్వం ఆ తీరంలో ఈ మాట నదిలోకి వచ్చిన చేపకు మాత్రమే పరిమితమై లేదన్నమాట. కాబట్టి "ఏరెక్కితేనే పులస" అనేది తెలుగుతీరం మొత్తానికి చెందిన నిఘంటువు కాదు. గోదావరి ముఖద్వారంలో బతికే జనం తమ అవసరానికి ఏర్పరచుకొన్న విభజన.

పేరు పుట్టుక గురించి చెప్పే మాటలు

పులుసు పెట్టుకొనేది గనుక పులస అయినదని కొందరంటారు. వినడానికి బాగున్నా ఇది నిలబడే మాట కాదు. పులుసు అనే మాట పులుపుకు సంబంధించినది. తమిళంలో, మలయాళంలో పుళి, కన్నడంలో హుళి, తెలుగులో పులుపు, పులియడం ఇవన్నీ ఒకే ధాతువు నుండి పుట్టినవి. ఏ చేపతోనైనా, కూరగాయతోనైనా పులుసు పెట్టవచ్చు. ఒక్క ఈ చేపకే ఆ పేరు రావలసిన అవసరం లేదు. అదీగాక రస్సెల్ విన్న మాటలో మొదటి అక్షరం "ప"యే గాని "పు" కాదు.

పెద్ద పొలుసులున్నందున పులస అని చెప్పేవారూ, వలస వచ్చేది గనుక వలస, విలస అయినదని చెప్పేవారూ ఉన్నారు. ధ్వనుల పోలిక ఒక్కటే ఆధారంగా చెప్పే ఇటువంటి వ్యుత్పత్తులను జాగ్రత్తగా చూడాలి. మన ఇలసకు ఒడియా ఇలిషి, బెంగాలీ ఇలిష్, సంస్కృత నిఘంటువులలోని ఇల్లిశ అనే మాటలతో స్పష్టమైన పోలిక ఉన్నది. అవన్నీ ఈ చేపకే పేర్లు. వలస అనే మాటతో దానికి అటువంటి బంధుత్వం చూపడం కష్టం. తూర్పుతీరం వెంట వ్యాపించిన మాట ఒకటి, తెలుగుతీరంలో నాటుకొన్న మాట ఒకటి. ఈ రెండింటినీ గోదావరి ప్రజలు చెరొక పనికి వాడుకొన్నారు. ఒకటి సముద్రపు చేపకు, రెండవది నదిచేపకు.

నదిలో చేపకు జరిగే మార్పు

ఈ విభజన అర్థంలేనిది కాదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. చేప రక్తంలోని లవణసాంద్రత అందులో దాదాపు మూడవవంతు మాత్రమే. కాబట్టి సముద్రంలో ఉన్న చేప శరీరం నుండి నీరు నిరంతరం బయటికి పోతూ ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి చేప సముద్రపు నీరు తాగుతుంది. అధికమైన ఉప్పును మొప్పలలోని ప్రత్యేక కణాల ద్వారా విసర్జిస్తుంది. మంచినీటిలో ఇదంతా తలకిందులవుతుంది. నీరు శరీరంలోకి జొరబడుతుంది. చేప నీరు తాగడం తగ్గించి, మూత్రపిండాల ద్వారా ఎక్కువ నీటిని బయటికి పంపి, మొప్పలతో నీటినుండి లవణాలను పీల్చుకోవాలి. ఈ మార్పు చేసుకోలేని సముద్రపు చేపలు నదిలో బతకజాలవు. విలస దీనిని చేసుకోగలదు. అందుకే నదీముఖాలలోని ఉప్పుకలసిన నీటిలో కొంత ఆగి, అలవాటుపడి, పైకి బయలుదేరుతుంది.

ప్రయాణపు ఉద్దేశం గుడ్లు పెట్టడం. జూలై నుండి అక్టోబరు వరకు, నైరుతి ఋతుపవనాల వరదకాలంలో, గోదావరిలో ఈ వలస సాగుతుంది. ఒక్కొక్క ఆడచేప పరిమాణాన్ని బట్టి రెండున్నర లక్షల నుండి పదిహేను లక్షలకు పైగా గుడ్లు మోస్తుంది. విడిచిన గుడ్లు సుమారు ఒక రోజులో పిల్లలవుతాయి. ఆ పిల్లలు కొన్ని నెలలు నదిలో పెరిగి సముద్రానికి దిగిపోతాయి. పెద్దవై మళ్ళీ నదికి వస్తాయి. గోదావరిలో ఈ చేప జీవితాన్ని గురించి 1949లో చాకో, గణపతి, 1963లో పిళ్ళై, రావు అధ్యయనాలు ప్రచురించారు.

ఏరెక్కే చేప సముద్రంలోనే కొవ్వు నిలవచేసుకొంటుంది. నదిలో అది మేత బాగా తగ్గిస్తుంది. ప్రవాహానికి ఎదురీదే శక్తికీ, జన తయారుకావడానికీ ఆ కొవ్వే పెట్టుబడి. గుడ్లు విడిచిన తరువాత చేప చిక్కిపోతుంది. గోదావరి నీరే తీపి తెచ్చిపెడుతుందని జనం అంటారు. శాస్త్రం చెప్పేది, నది వల్ల చేప శరీరంలో లవణాలూ కొవ్వూ మారుతాయని. రెండు మాటలూ చివరకు చేరేది ఒకే చోటికి. ఏరెక్కిన చేప, సముద్రంలో పట్టిన చేప తినడానికి ఒకటి కాదు. జాలరి రెండు పేర్లు పెట్టినది ఈ తేడాకే. అతనిది చేపజాతి పేరు కాదు, చేపదశ పేరు. లేత కొబ్బరిని బొండం అనీ, ముదిరినదానిని కాయ అనీ పిలిచే సీమలో ఇది వింత కాదు.

పులుసు వయస్సు ఎంత?

పులస ప్రాచీనమైన చేప. కాని నేటి పులుసు అంత పాతది కాదు. దినుసులను ఒక్కొక్కటిగా చూస్తే ఈ విషయం తెలుస్తుంది. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అయినా, అది ఎంతో పూర్వమే మనదేశానికి వచ్చి ఇక్కడిదే అయిపోయింది. అరబ్బులు చింతపండును "తమర్ హింద్", అంటే హిందూదేశపు ఖర్జూరం, అన్నారు. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని పేర వెలసిన మానసోల్లాస గ్రంథంలో చేపముక్కలను చింతపండు రసంతో వండే విధానం ఉన్నది. అందులో కారానికి మిరియాలు చెప్పబడినవి, మిరపకాయ లేదు. ఉండడానికి వీలు కూడ లేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. 1498 తరువాత పోర్చుగీసు నౌకలు తిరగడం మొదలైనమీదట గాని మనదేశానికి రాలేదు. కొత్త కారానికి మనవాళ్ళు పాత మిరియం పేరునే తగిలించి మిరపకాయ అన్నారు. తమిళంలోనూ మిళగు నుండి మిళగాయ్ ఇట్లాగే వచ్చింది. పులసపులుసులో వేసే బెండకాయ కూడ ఆఫ్రికా నుండి వచ్చినదే. కాబట్టి చింతపండు, పచ్చిమిరప, బెండ కలిసిన నేటి రూపానికి నాలుగైదు వందల ఏళ్ళకు మించిన వయస్సు ఉండదు. దానికి ముందు గోదావరి ఒడ్డున ఈ చేపను మిరియాల పులుసుగానే వండి ఉండాలి.

వండే పద్ధతిలో మాత్రం మంచి రసాయనశాస్త్రం ఉన్నది. పులసపులుసు మట్టిదాకలో, సన్నని సెగమీద నిదానంగా ఉడకాలంటారు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి, ఇత్తడి పాత్రలను తిని చిలుము పట్టిస్తుంది. అందుకే వాటికి కళాయి పూయించవలసి వచ్చేది. మట్టిపాత్రకు ఆ బాధ లేదు. అది మెల్లగా వేడెక్కి, మెల్లగా చల్లారుతుంది. నీచువాసన కలిగించే అమైనులు ఆమ్లంతో కలిసి లవణాలుగా మారి గాలిలోకి లేవవు. పులస ఒంటినిండా ఉండే సన్నని ముళ్ళు పులుపులో ఎక్కువసేపు ఉడికి కొంత మెత్తబడతాయి. ముక్కలు వేసిన తరువాత గరిటె పెట్టరు. దాకను రెండు చేతులతో పట్టి తిప్పుతారు. చేపకండలోని పోగులు పొట్టివి, వాటిని కలిపి ఉంచే పదార్థం తక్కువ వేడికే కరిగిపోతుంది. గరిటె తగిలితే ముక్క చెదురుతుంది. పులుసు మరునాటికి మరింత రుచి అనడం కూడ నిజమే. రాత్రంతా ఉప్పు, పులుపు ముక్క లోపలికి ఇంకుతాయి. కొవ్వు పులుసులోకి దిగుతుంది. పులుపు సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది గనుక, మంచుపెట్టెలు లేని కాలంలో అది ఒక నిలవ పద్ధతి కూడ.

ఆనకట్టలు, అడ్డుపడిన దారి

పులస చరిత్రలో పెద్ద మలుపు 1852. ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభించిన ధవళేశ్వరం ఆనకట్ట ఆ సంవత్సరం పూర్తయింది. కరువులతో కుంగిన గోదావరి మండలానికి అది అన్నం పెట్టిందనడంలో సందేహం లేదు. కాని నదికి అడ్డంగా గోడ లేచినప్పుడు, గుడ్లుపెట్టడానికి పైకి వచ్చే చేప గోడకింద ఆగిపోతుంది. వరద ముమ్మరంగా ఉన్నప్పుడు ఆనకట్టకు పైనా కిందా నీటిమట్టాల తేడా తగ్గి కొన్ని చేపలకు దాటే అవకాశం ఉండవచ్చు. మిగిలినవి గోడకింద గుమిగూడి సులభంగా వలలకు చిక్కుతాయి. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసి చేపల శాస్త్రజ్ఞుడైన ఫ్రాన్సిస్ డే భారత, బర్మా మంచినీటి చేపలపై 1873లో ప్రభుత్వానికి సమర్పించిన నివేదికలో దక్షిణదేశపు ఆనకట్టల వల్ల ఈ చేప వలసకు కలిగే హానిని చర్చించాడు. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బరాజు 1982లో పూర్తయింది. దీనివల్ల ప్రస్తుతం పులస వేట చాలవరకు ధవళేశ్వరానికి దిగువ పాయలకే పరిమితమైంది.

ఇది గోదావరి ఒక్కదాని కథ కాదు. సింధునదిపై కోట్రి బరాజు 1955లో పూర్తయిన తరువాత పల్లా చేప పైకి పోవడం ఆగి, ఆ నదిలో దాని వేట క్షీణించింది. గంగానదిలో ఒకప్పుడు ఇలిష్ అలహాబాదు దాటి ఆగ్రా వరకు పోయేది. 1975లో ఫరక్కా బరాజు వచ్చిన తరువాత ఆ పై ప్రాంతాల వేట దాదాపు అంతరించింది. బంగ్లాదేశ్ మరొక దారి చూపుతున్నది. అక్కడ ఇలిష్ జాతీయ మత్స్యం. గుడ్లు పెట్టే అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు వేట నిషేధిస్తారు. ఎదగని పిల్లలను పట్టడం నేరం. ఆ కాలంలో జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తారు. మన తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేటనిషేధం ఉన్నది. అయితే పులస నదికి వచ్చేది ఆ గడువు ముగిసిన తరువాతనే.

దారి మూసుకొనిపోగా, గిరాకీ మాత్రం పెరిగింది. యానాం రేవులో ఒక్క చేప ధర పదివేల రూపాయలు దాటిన వార్తలు పత్రికలకెక్కాయి. ధర పెరిగేకొద్దీ గుడ్లతో నిండిన చేపకే విలువ ఎక్కువ. అంటే రాబోయే సంవత్సరాల చేపలనే వండి తింటున్నామన్నమాట. ఒడిశా, బెంగాలు తీరాల నుండి మంచులో వచ్చిన ఇలసను పులసగా అమ్మడం కూడ సాగుతున్నది. జాతిలో రెండూ ఒకటే గనుక శాస్త్రజ్ఞుడు దానిని వేరుచేప అనలేడు. గోదావరి జాలరి మాత్రం అది పులస కాదని కచ్చితంగా చెబుతాడు. ఆ పాత విభజనకు ఎంత అర్థమున్నదో ఇక్కడ స్పష్టమవుతుంది. సముద్రంలో విలస ఉన్నంతమాత్రాన పులస ఉన్నట్లు కాదు. చేపకు ఆ పేరు వచ్చేది నది ఎక్కినప్పుడే. ఎక్కడానికి నీరు, దారి, గుడ్లు పెట్టే వ్యవధి ఉండాలి.

కోనసీమ ఉన్నత పాఠశాలల విద్యార్థులకు ఇందులో చేయదగిన పని ఒకటి ఉన్నది. ప్రతి సంవత్సరం తమ ఊరి రేవుకు ఎర్రనీరు వచ్చిన తేదీ, మొదటి పులస వలలో పడిన తేదీ, దాని పొడవు, బరువు, జన ఉన్నదీ లేనిదీ ఒక పుస్తకంలో రాసి ఉంచవచ్చు. జాలరులు విలసనూ పులసనూ ఏ గుర్తులతో వేరుచేస్తారో వారినే అడిగి రాసుకోవచ్చు. రస్సెల్ విశాఖపట్నంలో చేసినది ఇంచుమించు ఇదే. అంతర్వేది నుండి కొత్తపేట దాకా ఉన్న పాఠశాలలు పది సంవత్సరాలపాటు ఈ లెక్కలు రాసి ఒకచోట చేర్చితే, గోదావరిలోకి పులస ఎంతవరకు వస్తున్నదో, ఎక్కడ ఆగిపోతున్నదో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు అవి అక్కరకు వస్తాయి.